రిపోర్టు నార్మల్, నడక మాత్రం కాదు

పార్కిన్సన్ వ్యాధి వచ్చిన మనిషికి మామూలు ఎమ్మారై తీస్తే ఎక్కువ సందర్భాల్లో ఏమీ కనిపించదు. మెదడు వయసుకు తగ్గట్టే ఉందని రాసి ఇస్తారు. వైద్యులకు ఇందులో వింతేమీ లేదు. మింగుడుపడనిది ఇంట్లోవాళ్లకే. హైదరాబాద్‌కు సూర్యాపేట నుంచి 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి ఇంకో నలభై ఎక్కువ. ఈ రెండు ఊళ్లకూ రైలు లేదు. పెద్దాయన్ని కారులో పడుకోబెట్టుకుని పట్నం పోయి, వేలు పోసి స్కాన్ తీయిస్తే చేతికొచ్చే కాగితం మీద ‘నార్మల్’ అని ఉంటుంది. ‘మా నాయినకు ఏం లేదన్నరు సారూ, మరి కాళ్లెందుకు ఆడ్తలేవు?’ అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. ఆ తర్వాత ఇంట్లో రెండు తీర్మానాల్లో ఏదో ఒకటి జరుగుతుంది. డాక్టరు ఉత్తగనే భయపెట్టిండు, గోళీలు ఆపేద్దాం అన్నది ఒకటి. మిషన్ మంచిది కాదు, ఇంకోచోట ఇంకోసారి తీయిద్దాం అన్నది రెండోది. రెండూ తప్పే. పార్కిన్సన్ ఉందో లేదో తేల్చమని ఆ స్కాన్ రాయరు. పార్కిన్సన్ వేషంలో వచ్చిన వేరే జబ్బేమైనా ఉందేమో చూడమని రాస్తారు.

ఈ జబ్బును మొదటినుంచీ కంటితో చూసే గుర్తుపట్టారు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీని మీద చిన్న పుస్తకం అచ్చు వేయించినప్పుడు అందులో వర్ణించింది ఆరుగురినే. వాళ్లలో కొందరు ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లు కూడా కారు, వీధిలో నడుస్తుంటే ఆయన గమనించినవాళ్లు. రెండు వందల ఏళ్లు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు. నరాల డాక్టరు బొటనవేలికి చూపుడువేలు తాకిస్తూ గబగబా కొట్టమంటారు. మణికట్టు పట్టుకుని తిప్పి చూస్తారు. వరండాలో నడిపించి చెయ్యి ఊగుతోందో లేదో చూస్తారు. ఒక వాక్యం రాయమంటారు. రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతాయి. అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం వణుకు కాదు, మందగింపు. వణుకు అసలే లేని రోగులు కూడా ఉంటారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టడం, మంచం మీద పక్కకు ఒత్తిగిల్లలేకపోవడం, గొంతు సన్నబడటం, ముఖం బిగుసుకుపోయి నవ్వు కనబడకపోవడం వంటివి మనం ముసలితనం ఖాతాలో వేసేస్తాం. మొదట ఒక పక్క చెయ్యీ కాలే మొరాయిస్తాయి కాబట్టి పక్షవాతమనుకుని పసరు మందుకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు.

లోపల జరిగేది ఇది. మెదడు అడుగున వెన్నుపాము వైపు దిగే కాండంలో పైభాగం మధ్య మెదడు. పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. అందులో కుడి ఎడమల నల్లటి చారల్లా ఉండే భాగం సబ్‌స్టాన్షియా నైగ్రా. న్యూరోమెలనిన్ అనే రంగు వల్ల దానికా నలుపు. పార్కిన్సన్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో ఆ నలుపు వెలిసిపోయి ఉంటుందని 1919లో పారిస్‌లో కాన్‌స్టాంటిన్ ట్రెటియాకాఫ్ చూపించాడు. అక్కడి కణాలు డోపమైన్ తయారుచేసి పైనున్న పుటామెన్ అనే కేంద్రానికి పంపుతాయి, కదలిక సాఫీగా సాగేది దానివల్లే. రోగుల్లో ఆ డోపమైన్ అడుగంటిందని 1960లో వియన్నాలో ఓలే హోర్నికీవిచ్ కొలిచి చెప్పాడు. ఇప్పుడు వాడే లీవోడోపా గోళీ ఆ కొలత నుంచి పుట్టిందే.

నడక మందగించే నాటికే ఆ కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయి. అంత నష్టం జరిగితే స్కాన్‌లో కనిపించొద్దా? ఎమ్మారై చూసేది శరీరంలోని నీటిని. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను భూమి అయస్కాంత శక్తికి ముప్పై వేల రెట్లున్న క్షేత్రంలో నిలబెట్టి, రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగి పలికే తీరును బొమ్మగా మలుస్తుంది. ముప్పై వేల రెట్లంటే 1.5 టెస్లా, సాధారణంగా దొరికే యంత్రం అదే. మామూలుగా తీసే ఒక్కో పొర మందం నాలుగైదు మిల్లీమీటర్లు. చనిపోయే కణాలున్న చార కూడా అంతే మందం. పైగా కణాలు పోయినా చుట్టూ ఉన్న కణజాలం, ఆకారం చాలాకాలం అలాగే ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ మ్యాపు తెరిచి చూస్తే కాలువ, తూములు, ఉపకాలువలు అన్నీ కనిపిస్తాయి గానీ చివరి ఆయకట్టుకు ఈసారి నీళ్లు అందాయో లేదో అందులో ఉండదు. మామూలు ఎమ్మారైదీ అదే పరిస్థితి.

అలాగని డాక్టరు చెయ్యి పట్టుకుని చూసిందే వేదమా అంటే అదీ కాదు. 1992లో లండన్ పరిశోధకులు ఆండ్రూ హ్యూస్, ఆండ్రూ లీస్ బృందం ఒక లెక్క ప్రచురించింది. బతికుండగా పార్కిన్సన్ అని నిర్ధారించిన 100 మంది మెదళ్లను మరణం తర్వాత కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, నిజంగా ఆ జబ్బున్నది 76 మందిలోనే. మిగతా 24 మందివి వేరే జబ్బులు. మెదడు స్కాన్ మీద పరిశోధనంతా ఆ ఇరవై నాలుగు మంది కోసం జరుగుతున్నదే అనుకోవచ్చు.

ఆ వేరే జబ్బుల్లో మొదట చెప్పుకోవాల్సింది ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ, పొట్టిగా పీఎస్‌పీ. కెనడాలోని టొరంటోలో స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ 1964లో దీన్ని విడిగా గుర్తించి వర్ణించారు. అంతవరకు వీళ్లు కూడా పార్కిన్సన్ రోగుల్లో కలిసిపోయి ఉండేవాళ్లు. ఈ రోగులు మొదటి రెండు మూడేళ్లలోనే పడిపోవడం మొదలవుతుంది, అదీ ఎక్కువగా వెనక్కి. కళ్లు పైకీ కిందికీ తిరగవు. కంచంలో అన్నం కనబడక మీద పోసుకుంటారు, అరుగు దిగుతూ మెట్టు తప్పుతారు. ఇంట్లోవాళ్లు కళ్లద్దాలు మార్పిస్తారు, కొందరికి శుక్లాల ఆపరేషన్ కూడా అయిపోతుంది. లీవోడోపాతో పెద్దగా గుణం ఉండదు.

ఇక్కడ ఎమ్మారై నిజంగా పనికొస్తుంది. మెదడును ముక్కు మీదుగా నిలువునా సరిగ్గా మధ్యకు చీల్చినట్టు తీసే పొరలో మధ్య మెదడు, దాని కింద పాన్స్ పక్కపక్కనే కనిపిస్తాయి. పీఎస్‌పీలో మధ్య మెదడు కుంచించుకుపోతుంది, పాన్స్ మాత్రం నిండుగా ఉంటుంది. పైన సన్నని తల, ముందుకు సాగిన ముక్కు, కింద బొద్దు పొట్ట ఉన్న పిట్టలా ఉందని రేడియాలజిస్టులు దీనికి హమ్మింగ్‌బర్డ్ గుర్తు అని పేరు పెట్టారు. ఆ పిట్ట మన దేశంలో లేదు. అయినా కోదాడలో కూర్చున్న రేడియాలజిస్టయినా ఆ మాటే రాస్తాడు. చూడగానే పిట్ట కనిపించే కేసులు తేలిక. చిక్కంతా అనుమానపు కేసులతోనే. అందుకే కొలవడం మొదలైంది. 2005లో జపాన్‌కు చెందిన ఒబా బృందం ఆ నిలువు పొరలో మధ్య మెదడు వైశాల్యం కొలిచింది. ఆరోగ్యవంతుల్లో సగటున 117.7 చదరపు మిల్లీమీటర్లు, పార్కిన్సన్ రోగుల్లో 103, పీఎస్‌పీలో 56. అంటే సగానికి పడిపోయింది. 2008లో ఇటలీ వైద్యుడు అల్డో క్వాత్రోనే ఇంకో అడుగు వేశాడు. పాన్స్ వైశాల్యాన్ని మధ్య మెదడు వైశాల్యంతో భాగించి, చిన్న మెదడును కాండంతో కలిపే రెండు జతల కాడల మందాల నిష్పత్తితో హెచ్చించాడు. వచ్చిన అంకె 13.55 దాటితే పీఎస్‌పీ వైపు మొగ్గు అన్నాడు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. 1.5 టెస్లా చాలు, కాస్త ఓపికగల రేడియాలజిస్టు ఉంటే చాలు. నా దృష్టిలో చిన్న పట్టణాలకు అన్నిటికంటే పనికొచ్చే పద్ధతి ఇదే. దురదృష్టం ఏమిటంటే, స్కాన్ రాసిన డాక్టరు కాగితం మీద ‘తల స్కాన్’ అని మాత్రమే రాస్తే ఈ కొలత ఎవరూ కొలవరు.

కొలత అనగానే ఇంకో ప్రశ్న వస్తుంది. ఎవరి మెదడుతో పోల్చి చిన్నది అంటున్నాం? చాలాకాలం పరిశోధకులు వాడిన ప్రామాణిక నమూనా కెనడాలోని మాంట్రియల్‌లో తయారైంది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి 2019లో భారతీయ మెదడు అట్లాసు తయారుచేసింది. 50 మంది మగవాళ్లు, 50 మంది ఆడవాళ్లు, మొత్తం నూరు మంది ఆరోగ్యవంతుల స్కాన్‌లు అందుకు ఆధారం. మన మెదడు సగటున పాశ్చాత్య నమూనా కంటే ఎత్తులో, వెడల్పులో, పరిమాణంలో కొంచెం చిన్నదని అందులో తేలింది. పత్రికలు దాన్ని అప్పట్లో రకరకాలుగా రాశాయి. పరిమాణానికీ తెలివికీ ముడిపెట్టే మాటల్ని పక్కనపెడితే, వైద్యంలో దాని అర్థం సూటిగా ఉంది. పరాయి కొలబద్దతో కొలిస్తే మామూలు మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనిపించవచ్చు. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ ఆరేళ్ల నుంచి అరవై ఏళ్ల దాకా అయిదు వయోవర్గాలకు వేర్వేరు నమూనాలు ఇచ్చింది. హైదరాబాద్ అట్లాసులో ఉన్నది ఇరవైల్లో ఉన్న కుర్రకారు. పార్కిన్సన్ ఎక్కువగా వచ్చేది అరవై దాటాక. అంటే మిర్యాలగూడ బియ్యం మిల్లులో నలభై ఏళ్లు పనిచేసి ఇంటి పట్టున ఉంటున్న డెబ్బై ఏళ్ల మనిషికి సరిపోలే నమూనా ఈ రెండింట్లోనూ లేదు. క్వాత్రోనే పద్ధతి నిష్పత్తి కాబట్టి ఈ చిక్కు నుంచి చాలావరకు తప్పించుకుంటుంది. ఒక మనిషి మెదడులోని ఒక భాగాన్ని అదే మనిషి మెదడులోని ఇంకో భాగంతో పోలుస్తుంది.

రెండో జబ్బు మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ఎమ్‌ఎస్‌ఏ. నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం, మూత్రం అదుపు తప్పడం, నిద్రలో గొంతులోంచి ఈల లాంటి శబ్దం రావడం దీని ఆనవాళ్లు. ఇందులో దెబ్బతినేది పాన్స్, చిన్న మెదడు, పుటామెన్. పాన్స్‌ను అడ్డంగా కోసినట్టు తీసిన పొరలో తెల్లటి ప్లస్ గుర్తు కనిపిస్తుంది. చిన్న మెదడుకు పోయే అడ్డ తంతువులు చచ్చి, మిగతావి నిలవడం వల్ల ఏర్పడే గుర్తు అది. పుటామెన్ బయటి అంచున తెల్లని గీత కూడా ఒక సూచనే. అయితే 3 టెస్లా యంత్రంలో ఆరోగ్యవంతులకూ అలాంటి గీత కనిపిస్తుంది. ఎక్కువ శక్తిగల యంత్రం ఎక్కువ నిజం చెబుతుందనుకోవడానికి లేదు.

మామూలు పార్కిన్సన్‌ను కూడా పట్టగల పద్ధతులు గత కొన్ని దశాబ్దాల్లో వచ్చాయి. ఇనుము ఉన్నచోట నల్లగా చూపించే ఒక రకం ఎమ్మారైలో, ఆరోగ్యవంతుల నల్లటి చార వెనుక కొసన తెల్లటి చిన్న మచ్చ ఉంటుంది. నల్లటి రెండు పాయల నడుమ తెలుపు, అచ్చం చీలిన పిట్టతోక. జబ్బులో ఆ మచ్చలోని కణాలు ముందుగా పోతాయి, ఇనుము పేరుకుంటుంది, తోక చీలిక మాయమవుతుంది. 2014లో స్టెఫాన్ ష్వార్జ్ బృందం దీన్ని 3 టెస్లా యంత్రంలో చూపించింది. కొన్ని మిల్లీమీటర్ల మచ్చ కాబట్టి రోగి కొంచెం కదిలినా చెదిరిపోతుంది, వణికే మనిషికి కదలకుండా పడుకోవడమే కష్టం. ఇంకోవైపు అణు వైద్య విభాగాల్లో తీసే డోపమైన్ స్కాన్ ఉంది. మన దేశంలో టెక్నీషియంతో గుర్తువేసిన ట్రోడాట్ అనే పదార్థాన్ని ఎక్కించి తీస్తారు. పుటామెన్ దగ్గర డోపమైన్ తంతువులు బతికి ఉంటే వెలుగు కామా ఆకారంలో, పోతే చుక్కలా కనిపిస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే మామూలు చేతి వణుకునూ పార్కిన్సన్‌నూ ఇది విడదీస్తుంది. పార్కిన్సన్, పీఎస్‌పీ, ఎమ్‌ఎస్‌ఏలను ఒకదానినుంచి ఒకటి విడదీయలేదు, మూడింట్లోనూ చుక్కే. నిర్ధారణ స్పష్టంగా ఉన్న మనిషికి ఈ స్కాన్ అనవసరపు ఖర్చు.

స్కాన్ చేసే అసలు మేలు మాత్రం నయమయ్యే జబ్బుల్ని పట్టుకోవడంలో ఉంది. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిసివస్తే మెదడులోని నీటి గదులు ఉబ్బి ఉండొచ్చు. ఇది సీటీ స్కాన్‌లోనే కనిపిస్తుంది. ఆ నీరు కడుపులోకి పోయేలా సన్నని గొట్టం వేస్తే నడక తిరిగొచ్చినవాళ్లున్నారు. ఎప్పుడో బాత్‌రూంలో జారిపడిన దెబ్బకు పుర్రె కింద నెమ్మదిగా చేరిన రక్తం కూడా మనిషిని మందగింపజేస్తుంది, దాన్నీ తీసేయవచ్చు. బీపీ, షుగరు ఏళ్లతరబడి వదిలేసినవాళ్లకు చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోయి నడుము కింది భాగమే పార్కిన్సన్‌లా మారుతుంది. నలభై లోపు వయసులో వణుకు, మాట ముద్దగా రావడం కనిపిస్తే విల్సన్ జబ్బు గుర్తుకు రావాలి. కాలేయంలో, మెదడులో రాగి పేరుకుపోయే జబ్బు ఇది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడుతుంది కాబట్టి మేనరికాలున్న మన కుటుంబాల్లో ఆ అవకాశం ఎక్కువ. మధ్య మెదడులో పాండా ముఖం లాంటి గుర్తు స్కాన్‌లో కొందరికి కనిపిస్తుంది. త్వరగా పట్టుకుంటే మందులతో అదుపులో ఉంటుంది.

ఇక ఏ స్కాన్‌లోనూ కనిపించని కారణం ఒకటుంది, అది ఇంటి అలమారాలోనే ఉంటుంది. ‘గ్యాస్ గోళీ’ అని రోజూ పరగడుపున వేసుకునే కొన్ని క్యాప్సూల్స్‌లో ఎసిడిటీ మందుతోపాటు లీవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. మెదడులో డోపమైన్ పనిచేసే తలుపుల్ని అది మూసేస్తుంది. నెలల తరబడి వాడితే పార్కిన్సన్ లక్షణాలన్నీ రావచ్చు. అమెరికాలో ఈ మందుకు అనుమతే లేదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకిచ్చే సినరిజిన్, ఫ్లూనరిజిన్, మానసిక జబ్బులకు వాడే చాలా మందులదీ ఇదే గుణం. ఎమ్మారై నార్మల్, డోపమైన్ స్కాన్ కూడా నార్మల్. డాక్టరు సలహాతో మందు ఆపితే వారాల్లోనో నెలల్లోనో మనిషి తేరుకోవచ్చు. మానసిక జబ్బు మందులు మాత్రం సొంతంగా ఆపకూడదు. చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కునే అలవాటున్న మన ఊళ్లలో ఈ కారణాన్ని మొదట వెతకాలని నేనంటాను, స్కాన్ కంటే ముందు.

ఉమ్మడి నల్లగొండ జిల్లాకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించినా, దాని పేరు చెప్పగానే గుర్తొచ్చేది నల్లగొండే. నీళ్లలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ ఈ జిల్లా పేరే పెట్టింది. ఏళ్లతరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు వెన్నెముక స్నాయువులు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము పోయే దారి ఇరుకై, కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ విషయం మీద చాలాకాలం పనిచేసి రాశారు. వంగిన నడుము, బిగిసిన మెడ, చిన్న చిన్న అడుగులు దూరం నుంచి చూస్తే పార్కిన్సన్ అనే అనిపిస్తాయి. ఇలాంటి మనిషికి తల స్కాన్ ఎన్నిసార్లు తీసినా నార్మలే వస్తుంది. తీయాల్సింది మెడ, వెన్ను. తారుమారు కూడా జరుగుతుంది. ఫ్లోరైడు ఊరి మనిషి కదా అని సరిపెట్టేసి అసలైన పార్కిన్సన్‌కు మందివ్వకుండా వదిలేయడం. లీవోడోపాకు ఒళ్లు వదులవుతోందా లేదా అన్నది ఇక్కడ డాక్టరుకు మంచి ఆధారం.

కంప్యూటరుకు అప్పగిస్తే ఈ గందరగోళం తగ్గుతుందా? 2025లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ వైయాంకూర్ బృందం అమెరికా, కెనడాల్లోని 21 కేంద్రాల్లో 249 మందికి స్కాన్ తీసి, పార్కిన్సన్, పీఎస్‌పీ, ఎమ్‌ఎస్‌ఏలను కృత్రిమ మేధతో విడదీసింది. నీటి అణువులు కణజాలంలో ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలిచే పద్ధతి అది. మరణానంతరం పరీక్షించిన 49 మెదళ్లలో 46 విషయంలో దాని మాట నిజమైంది. హ్యూస్ నాటి వందకు 76తో చూస్తే ఇది పెద్ద మెరుగే. కానీ అవన్నీ 3 టెస్లా యంత్రాలు, అవతలి దేశాల మెదళ్లు. ఇక్కడి మనుషుల మీద పరీక్షించకుండా ఇక్కడ నమ్మలేం.

సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ దారిలోనే నార్కట్‌పల్లిలో కామినేని వైద్య కళాశాల, ఆ పైన పంజగుట్టలో నిమ్స్ ఉన్నాయి. ముందు నరాల డాక్టరుకు చూపించండి, స్కాన్ ఆయన రాశాకే తీయించండి. రోగి వేసుకుంటున్న మందుల పట్టీలన్నీ, గ్యాస్ గోళీతో సహా, సంచిలో వేసుకెళ్లండి. ఏ అనుమానంతో స్కాన్ రాస్తున్నారో చీటీ మీద రాయమని డాక్టరును అడగండి. మధ్య మెదడు, పాన్స్ కొలత కావాలని ఆ చీటీలో ఉంటే రేడియాలజిస్టు దాన్ని కొలుస్తారు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. స్కాన్ అవుతుంది కదా అని పార్కిన్సన్ గోళీని సొంతంగా మానేయకండి, వణుకు ఎక్కువై బొమ్మ చెడుతుంది. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. దాన్ని పారేయకండి. పీఎస్‌పీ, ఎమ్‌ఎస్‌ఏల్లో తొలి ఏడాది కనిపించని మార్పు రెండు మూడేళ్లకు కనిపించవచ్చు, అప్పుడు పోల్చి చూడటానికి ఆధారం ఆ పాత సీడీనే.